పోళా నాడు కాడి మోసిన భుజాలు

మీరు కొత్త బండి కొంటే దానికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మా కాలంలో మోటరు వర్క్‌షాపు గడప దాటగానే మేము ఇనుప రంపం చేతికి తీసుకునేవాళ్లం. ఎక్కడో పట్నంలో పెద్దమనుషులు వాడి వాడి వదిలేసిన కారు మా సేఠ్ చేతికి వచ్చేది. దాని వెనక సగం కోసేసి, ఛాసిస్ పొడిగించి, టేకు పలకలతో గూడు కట్టి, బెంచీలు బిగించి సర్వీసు మోటరు చేసేవాళ్లం. కమ్మరి దగ్గర అదనంగా స్ప్రింగు పట్టీలు కొట్టించేవాళ్లం. మడ్‌గార్డులు పీకి మూల పడేసేవాళ్లం. నాందేడు చుట్టుపక్కల నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఆ మట్టి టైరుకు అంటుకుని, మడ్‌గార్డు కిందికి చేరి గట్టిపడి, చివరికి చక్రాన్నే తిరగనివ్వదు.

నేను ఆ వర్క్‌షాపులో మిస్త్రీని. తర్వాత సర్కారు బస్సుల డిపోలో చేరి అక్కడే రిటైరయ్యాను. డిపోలో కొత్తగా చేరినవాళ్లు, మీరు చూసినవాటిలో పెద్ద రిపేరు ఏదని అడిగేవాళ్లు. ఇంజను మొత్తం విప్పి బిగించిన కథ చెబుతానని వాళ్ల ఆశ. నేను పోళా కథ మొదలుపెట్టేవాణ్ణి. సగం మంది మధ్యలోనే టీకి లేచిపోయేవాళ్లు. మీరైనా కాస్త కూర్చోండి.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలుకు కరువొచ్చింది. సర్కారు ఇచ్చే కాస్త పెట్రోలు ఇంజనును నిద్ర లేపడానికి సరిపోయేది, నడపడానికి సరిపోయేది కాదు. దాంతో మోటరున్న ప్రతివాడూ బొగ్గు పొయ్యి పెట్టించుకున్నాడు. మనిషి ఎత్తున్న ఇనుప డ్రమ్మును మోటరు వెనక బోల్టులతో వేలాడదీసి, అందులో కట్టెబొగ్గు నింపి, కింద నిప్పంటించి, చేతిపంకా తిప్పాలి. బొగ్గు కాలీ కాలక ఒక వాయువు పుడుతుంది. గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీస్తే అది నీలంగా, నిలకడగా మండాలి. అప్పుడు ఆ గొట్టాన్ని ఇంజనుకు కలిపి ముందున్న హ్యాండిల్ తిప్పితే, మోటరు దగ్గి, తుమ్మి, కదిలేది.

ఎన్నిసార్లు చూసినా ఆ నీలి మంట నాకు అద్భుతమే. ఎక్కడో మాండవి అడవుల్లో ఎవరో కాల్చిన కట్టె, ఇక్కడ ఇంతమంది మనుషుల్ని మూటాముల్లెతో సహా మోసుకుపోతున్నదంటే నమ్మబుద్ధయ్యేది కాదు. రోజూ పొద్దున్నే మోటరుకు రెండు చేతులా దండం పెట్టుకునేవాణ్ణి. అది చూసి మా ఉస్తాద్ గడ్డం చాటున నవ్వుకునేవాడు.

ఉస్తాద్ అంటే మా డ్రైవరు. నాకు పని నేర్పిందీ ఆయనే. మనుషులతో తక్కువ, మోటరుతో ఎక్కువ మాట్లాడే రకం. గేరు గరగరమంటే "ఏమాయె బిడ్డా, తిండి సరిపోలేదా" అని దాన్ని బుజ్జగించేవాడు. నేను స్పానరు జారవిడిస్తే మాత్రం ఆ బుజ్జగింపులేమీ ఉండేవి కాదు. ఆయన తిట్లలో మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడూ సమానంగా ఉండేవి.

ఆ బొగ్గు పొయ్యితో రెండు చిక్కులు. పెట్రోలు మీద ఉండే బలం బొగ్గు మీద ఉండదు. పైగా డ్రమ్ము బరువంతా వెనక చక్రాల మీద పడి, రేగడిలో అవి ఇరుసు దాకా దిగబడేవి. విరుగుడు ఆలోచించాల్సినవాళ్లం మేమే. ఆలోచించలేదు, ఎందుకంటే విరుగుడు మాకు దారిలోనే దొరికేది.

బిలోలి దాటి సగరోళి వైపు పోయే బండ్లబాటకు అడ్డంగా ఒక వాగు ఉంది. వాగు అవతల ఒక చిన్న పల్లె. బిలోలి వైపు ఒడ్డు నిట్టనిలువుగా రేగడి. తిరుగు ప్రయాణంలో ఆ ఒడ్డు కిందికి రాగానే ఉస్తాద్ హారను నొక్కేవాడు. పల్లెలో మొదటి ఇంటి రైతు తన ఎర్ర కంధారి జాతి ఎద్దుల జతను తోలుకొచ్చి, మోటరు ముందు తాడు కట్టి, ఒక్క అదిలింపుతో మమ్మల్ని ఒడ్డెక్కించేవాడు. వాటి మెడలు వంగి, గిట్టలు బురదలో దిగి, మోటరు కదిలే ఆ క్షణం నాకు ప్రతిసారీ కొత్తగానే ఉండేది. మేము ఇంజనులోంచి తీసేసిన నల్లనూనె ఆయన బండి ఇరుసుకు పనికొచ్చేది. అదిచ్చి, ఒకసారి హారను మోగించనిస్తే ఆయనకు అంతే చాలు.

నేను ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ణి. ఒకరోజు, "కాకా, మా మోటరు సగం బొగ్గు మీద, సగం నీ ఎద్దుల గడ్డి మీద నడుస్తున్నది" అన్నాను.

"మరి మోటరు మీద నీ పేరే రాసుకుంటవా, నా ఎద్దుల పేరు రాయవా?" అన్నాడు.

ఆ ఏడు పోళాకు ముందు ఆయన మమ్మల్ని ఎర్ర రంగు అడిగాడు. పోళా అంటే ఎద్దుల పండుగ. వానాకాలంలో, శ్రావణం చివర అమావాస్య నాడు వస్తుంది. ముందురోజు సాయంత్రం ఎద్దుల్ని కడిగి, ఏడాదంతా కాడి మోసి కాయలు కాసిన వాటి భుజాలకు వెన్న, పసుపు రాస్తారు. రాస్తూ, రేపు మా ఇంటికి భోజనానికి రండని వాటిని పిలుస్తారు. చుట్టాన్ని పిలిచినట్టు నోరు తెరిచి పిలవాల్సిందే. మర్నాడు కొమ్ములకు రంగు, మెడలో గంటలు, పోలెల భోజనం. పోలెలంటే బొబ్బట్లు. ఆ రోజు ఏ ఎద్దు మెడ మీదా కాడి పడదు. మా మోటరుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా ఆయనకు ఇచ్చాం.

పోళా నాడు సర్వీసు నడపకపోవడం మా సేఠ్ పెట్టుకున్న ఆనవాయితీ. అది ఆయన భక్తి అనుకునేవాణ్ణి. ఆ రోజు దారిలో ఏ వాగు దగ్గరా ఎద్దు దొరకదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ పోళా నాడు మోటరు బిలోలిలో ఆగి ఉంది. నేను డ్రమ్ములోంచి బూడిద తోడుతున్నాను. పొద్దు కాస్త ఎక్కేసరికి కాకా వాళ్ల అన్న తట్టుగుర్రం మీద వచ్చి దిగాడు. మోకాళ్ల దాకా బురద, అంగీ మీద నెత్తురు.

"డ్రైవర్ సాబ్, మా తమ్మున్ని ఎద్దు పొడ్సింది. తొడల కొమ్ము దిగింది. పసుపు నింపి రుమాలుతోని బిగ్గర కట్టినం, అయినా నెత్తురు ఆగుతలేదు. నాందేడు దవాఖానకు కొంచవోవాలె."

"ఏ ఎద్దు?" అన్నాడు ఉస్తాద్.

"ఏదుంటది? మీ మోటరును గుంజే దాంట్ల పెద్దది. కొమ్ముకు రంగేసుకుంట వంగిండు. పక్కపొంటి డప్పు మోగింది. బెదిరి తల ఇసిరింది, అంతే."

ఉస్తాద్ నా వైపు తిరిగి, "నిప్పెయ్యి బేటా" అన్నాడు.

ముందురోజు పడ్డ వానకు బాటంతా జావ. బిలోలి వైపు ఒడ్డు మీద నుంచి వాగులోకి మోటరు దిగలేదు, జారింది. స్టీరింగు అటు తిప్పితే ఇటు పోయింది. వాగులో ఇసుక, నీళ్లు పిక్కల లోతు. అది దాటి పల్లె చేరాం. "దిగుడైతే దిగినం. ఎక్కుడు సంగతి పైనున్న మాలిక్‌కే ఎరుక" అన్నాడు ఉస్తాద్.

కాకాను మంచంతో సహా మోటరులోకి ఎక్కించాం. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. అయినా ఉస్తాద్‌ను చూసి, "రంగు మంచిగున్నది డ్రైవర్ సాబ్, జల్ది ఆరింది" అన్నాడు. కాకా భార్యను నేను చిన్నమ్మా అనేవాణ్ణి. ఆమె భర్త తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పల్లె పల్లెంతా మోటరు వెంట నడిచింది. వాళ్ల వెనకే అలంకరించిన ఎద్దులు కూడా. వాటిని చూసుకునేవాళ్లు ఇంటి దగ్గర ఎవరూ మిగల్లేదు మరి.

ఒడ్డు సగం ఎక్కాక జరగాల్సింది జరిగింది. వెనక చక్రాలు ఒక్క చోటే తిరిగి తిరిగి, ఇరుసు దాకా దిగబడ్డాయి. ఇంజను మూలిగి ఆగిపోయింది. మంచాన్ని జనం బిలోలి దాకా మోసినా అక్కడి నుంచి నాందేడుకు ఈ మోటరు తప్ప మరో దిక్కులేదు. మోటరు ఒడ్డెక్కితే మనిషి ఉంటాడు, లేకపోతే లేడు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు.

ఉస్తాద్ అలవాటుగా కిటికీలోంచి తల బయట పెట్టి, "ఎద్దుల్ని పట్కరాండ్రి" అని కేకేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందు కదిలింది కాకా అన్న. "తెస్త. మనిషి పానం కన్న పండుగ ఎక్కువనా?"

చిన్నమ్మ ఎప్పుడూ బావ ఎదుట నోరు విప్పి ఎరగదు. ఆ రోజు విప్పింది. "ఆ పెద్దదాన్నే కట్టుండ్రి. పొడ్సింది అదే గద, అదే గుంజని!"

"వద్దు" అన్నాడు కాకా మంచం మీద నుంచి.

"ఏంది వద్దు? సస్తవ్‌రా!" అన్నాడు అన్న.

"నిన్న సందెల నా చేతులతోని భుజాలకు వెన్న రాసి, రేపు భోజనానికి రమ్మని పిలిచిన. గవి ఇంక తిననే లేదు. భోజనానికి పిలిచినోని మెడ మీద కాడి వెడ్తమా అన్నా?"

"పిలిచినందుకు కడుపునిండ పొడ్సింది గదా!"

"డప్పుకు బెదిరింది. నా మీద పగవట్టి పొడ్సిందా? ఏడాదికి ఒక్క దినం దానిది. గా ఒక్క దినం గూడ మనమే గుంజుకుంటె ఎట్ల?"

నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు మండిపోయింది. నెత్తురు కారిపోతున్నవాడు ఎద్దుతో ఇచ్చిపుచ్చుకోవడాల గురించి మాట్లాడుతుంటే పిచ్చి తప్ప మరేమనిపిస్తుంది? నేనే పోయి ఆ ఎద్దుల్ని పట్టుకొద్దామని కిందికి దూకాను.

నాకంటే ముందు చిన్నమ్మ దిగింది. భర్త ముఖంలోకి ఒకసారి చూసి, కొంగు నడుముకు బిగించింది. మోటరు ముందుకు నడిచి, ఎద్దుల కోసం ఎప్పుడూ కట్టి ఉంచే తాడు ఎత్తి తన కుడి భుజం మీద వేసుకుంది.

"పదుండ్రి మరి. ఆయన ఎద్దులకు సెలవిచ్చిండు, మనకియ్యలే గద" అన్నది.

నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. కాకా అన్న తలరుమాలు విప్పి భుజాన మడత వేసుకుని, తాడుకు రెండో వైపు పట్టాడు. ఆ ఇంట్లో మరదలు బావ ఎదురుగా నిలబడదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే తాడు కింద పక్కపక్కన నిలబడ్డారు. వాళ్ల వెనక ఒక్కొక్కరే వచ్చి తాడు అందుకున్నారు. పండుగ బట్టల్లో ఉన్న ఆడవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, ముసలివాళ్లు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

ఉస్తాద్ దిగి వెనక చక్రాలు చూశాడు. "డ్రమ్ము ఉంటే ఎంతమంది గుంజినా లేవది. ఊడదియ్యి బేటా. మూత బిగించు, గాలి తగలనియ్యకు, తగిలితే బొగ్గంతా కాలిపోతది. నిప్పు ఆరిందంటే మళ్ల రాజేసేదాక మనిషి ఆగడు, నాందేడు లేదు."

మండుతున్న పొయ్యిని ఊడదీయడం మేము ఎప్పుడూ చేయని పని. బోల్టు తలలు ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేటంత వేడి. తడి గోనెపట్టాలు చుట్టి ఒక్కొక్కటే విప్పాను. ఊడదీశాక దాన్ని ఒడ్డు పైకి చేర్చేదెట్లా? చేతులతో పట్టుకోలేం, దొర్లిస్తే బొగ్గంతా చెదిరిపోతుంది. కాకా అన్న ఇంటికి మనిషిని పంపి బండికాడి తెప్పించాడు. డ్రమ్మును తడిపిన తాళ్లతో దానికి వేలాడదీసి, అటు కొందరు ఇటు కొందరు భుజాల మీద తడి గోనెలు వేసుకుని లేపారు.

పోళా నాడు ఆ పల్లెలో కాడి లేచింది. మనుషుల భుజాల మీద లేచింది. దాని కింద ఎర్రగా కాగిన డ్రమ్ము ఊగుతూ పోతుంటే, మా పక్కనుంచి ముందే ఒడ్డెక్కిన కాకా ఎద్దులు రెండూ మా మోటరు రంగు కొమ్ములతో, మెడలో గంటలతో నిలబడి చూస్తున్నాయి. నా జీవితంలో చాలా యంత్రాలు చూశాను, అంతటి దృశ్యం మళ్లీ చూడలేదు. పక్కన ఉస్తాద్ టోపీ సర్దుకుంటూ "సుభానల్లా, సుభానల్లా" అని గొణుగుతున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

కాకా మంచాన్ని అప్పటికే మోసుకుపోయి ఎద్దుల పక్కనే దించారు. ఇక ఖాళీ మోటరు మిగిలింది. ఉస్తాద్ స్టీరింగు పట్టాడు, నేను వెనక భుజం పెట్టాను. తాడు బిగిసింది, మోటరు కదల్లేదు. మళ్లీ లాగారు, కాళ్లు జారి కొందరు బురదలో పడ్డారు. అప్పుడు పైనుంచి కాకా గొంతు వినిపించింది. పీలగా ఉన్నా ఆ అదిలింపు రోజూ వినేదే.

"ఎడమకు పట్టుండ్రి! ఎడమకు! గాడ మట్టి కింద బండ ఉన్నది, కాలు నిలుస్తది! హోయ్!"

ఆ ఒడ్డులో తన ఎద్దుల గిట్టలు ఎక్కడ నిలుస్తాయో ఆయనకు తెలుసు. అందరూ ఎడమకు జరిగారు. చిన్నమ్మ ముందుకు వంగింది, ఆమె వెనక తాడు పొడుగునా అందరి నడుములూ వంగాయి. "హోయ్!" అన్నాడు కాకా. రేగడి చప్పున నోరు తెరిచి చక్రాన్ని వదిలింది. మోటరు అంగుళం అంగుళం లేచి, పైకి పాకి, ఒడ్డెక్కింది.

అరుపులు, ఏడుపులు ఒక్కటైపోయాయి. నేను మాత్రం డ్రమ్ము దగ్గరికి పరుగెత్తాను. బోల్టులు బిగించి, పంకా తిప్పి, గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీశాను. ఏమీ లేదు. ఇంకాసేపు తిప్పి మళ్లీ గీశాను. తెల్లటి పొగ వచ్చింది. ఉస్తాద్ నన్ను పక్కకు నెట్టి తానే తిప్పడం మొదలుపెట్టాడు. మూడోసారి గీసిన పుల్లకు గొట్టం మూతి దగ్గర ఆ నీలి మంట నిలిచింది. నా చేతులు వాటంతటవే జోడించుకుని ఆ జనం వైపు లేచాయి.

నాందేడు దాకా ఉస్తాద్ మోటరును పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడిపాడు. దవాఖానలో డాక్టరు గాయం కడిగి కుట్లు వేశాడు. పక్కనే నిలబడ్డ చిన్నమ్మ రవికె మీద నెత్తురు చూసి అందరూ అది భర్తదే అనుకున్నారు. కాదు. తాడు ఒరుసుకుని కుడి భుజం చర్మం లేచిపోయింది. ఆమెకు కూడా మందు రాసి కట్టు కట్టారు. కాకా చాలా రోజులు అక్కడే ఉన్నాడు. ప్రాణం నిలిచింది, కాలు కుంటి అయింది.

ఆ తర్వాత మేము చేసిన మొదటి పని డ్రమ్మును వెనక నుంచి తీసి, డ్రైవరు పక్కకు, ముందుకు జరపడం. అటువైపు స్ప్రింగు పట్టీలు చేర్చి, బరువు నాలుగు చక్రాలకూ పంచాం. వాగు దగ్గర దిగబడటం చాలా తగ్గింది. ఎద్దులు లాగినన్నాళ్లు ఇంత చిన్న పని ఎందుకు తోచలేదురా అని ఉస్తాద్ నన్ను మూడు భాషల్లో తిట్టాడు. తనకెందుకు తోచలేదో నేను అడగలేదు.

మరుసటి ఏడు పోళా ముందురోజు సాయంత్రం మా మోటరు ఆ పల్లెలో ఆగింది. ఉస్తాద్ అడగకుండానే ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. ఎద్దులు కడిగించుకుని వాకిట్లో నిలబడ్డాయి. కాకా గిన్నెలో వెన్న, పసుపు కలుపుకుని కుంటుకుంటూ బయటికొచ్చి, ఎద్దుల దగ్గరికి పోకుండా అరుగు వైపు తిరిగాడు. చిన్నమ్మ అక్కడ కూర్చుని రేపటి పోలెలకు శనగపప్పు ఏరుతోంది.

"గా చాట పక్కకు పెట్టు" అన్నాడు.

"ఎందుకు?"

ఆయన ఆమె పక్కన కూలబడి, కుడి భుజం మీద కొంగు కాస్త జరిపాడు. తాడు ఒరుసుకున్న చోట చర్మం ఇంకా నల్లగా, గరుకుగా ఉంది. దాని మీద వెన్న రాయడం మొదలుపెట్టాడు.

"సిగ్గులేదా నీకు? మంది సూస్తున్నరు" అని ఆమె తల వంచుకుంది, భుజం మాత్రం లాక్కోలేదు.

"సూడనీ. రేపు మా ఇంటికి భోజనానికి రా."

ఆమె చాటలో మిగిలిన రాయి ఒకటి ఏరి పారేసింది. తర్వాత, "వస్త గని, వండేదెవరు?" అన్నది.

మర్నాడు ఆయనే వండాడు. పొయ్యి మండకపోతే నేను మోటరు చేతిపంకా ఊడదీసి తెచ్చి తిప్పాను, ఉస్తాద్ పిండి పిసికాడు. మా ముగ్గురి చేతుల మీదుగా వచ్చిన పోలెలు ఒక్కటీ గుండ్రంగా లేదు, ఒక్కటీ మాడనిది లేదు. పోళా నాడు మొదటి పోలె ఎద్దులకు పెట్టాలి. కాకా మొదటి విస్తరి తెచ్చి చిన్నమ్మ ముందు వేశాడు.

"ముందుగల వాటికి వెట్టాలె గద" అన్నదామె గుమ్మం వైపు చూసి.

"వాటికి నేను చెప్పిన. ఆగుతయి, నువ్వు తిను" అన్నాడు.

గుమ్మం బయట ఎర్ర కొమ్ములతో ఆ రెండూ కదలకుండా నిలబడి ఉన్నాయి. చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మాడిన అంచు కూడా వదలకుండా ఆ పోలె మొత్తం తిన్నది.